ఉప్పు చల్లిన ఐసులో అరటిపండు

మొన్న మా మనవరాలు అరటిపండును పుల్లకు గుచ్చి, చాక్లెట్టులో ముంచి, ఫ్రిజ్జులో గడ్డకట్టించి, కొత్త వంటకం అని తెచ్చి నాకు చూపించింది. ఇందులో కొత్తేముంది, మీ అమ్మ చిన్నప్పుడు నేను మన పాళెంలో, పాకలోనే చేశాను అన్నాను. నమ్మలేదు. అప్పుడు మన పాళెంలో కరెంటు ఎక్కడిది అవ్వా అని నవ్వింది. నమ్మకపోతే కాగితం తెచ్చుకో, చెబుతాను రాసుకో అన్నాను. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. కాబట్టి మాట నాది, రాత దానిది.

మాది కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున ఒక పాళెం. అందరూ చేపల మీద బతికేవాళ్ళే. మా ఆయనను సముద్రం తీసుకోలేదు. జ్వరం తీసుకుంది. అప్పటికి నా కూతురికి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇంట్లో నేను, అది, మా అత్త. చేపల గంప నెత్తికెత్తుకుని ఊళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాను. పిల్లను అత్త దగ్గర వదిలితే రోజంతా ఏడుపే. అందుకని వెంటబెట్టుకుని పోయేదాన్ని.

అదే తప్పయింది. తప్పు అనకూడదేమో, ఇంకో దారి లేదు. ఏ గుమ్మం ముందు గంప దించినా ఆడవాళ్ళు దాని తల నిమిరి, "అయ్యో, నాయన లేని బిడ్డ" అని చేతిలో ఏదో ఒకటి పెట్టేవారు. ఒకచోట బెల్లం ముక్క, ఒకచోట మురుకు, ఒకచోట రాత్రి మిగిలిన బూరె. మంచి మనసుతోనే పెట్టేవారు. వాళ్ళను ఏమీ అనను. కానీ కొన్నాళ్ళకు నా బిడ్డకు ఒక మొహం అలవాటయింది. ఇల్లు కనబడగానే తల ఒక పక్కకు వాల్చి, కింది పెదవి కాస్త ముందుకు పెట్టి, కళ్ళు పెద్దవి చేసేది. ఆ ఇల్లు దాటగానే మామూలు మొహం వచ్చేసేది, గెంతుకుంటూ నా ముందు నడిచేది. మేం చేపలు అమ్ముకునేవాళ్ళం. అడుక్కునేవాళ్ళం కాదు. ఈ పిల్ల చెయ్యి చాపడం నేర్చుకుంటే రేపు నేను ఏం చేసి మాన్పించగలను?

బిట్రగుంట రైల్వే కాలనీలో నాకు ఒక వాడుక ఇల్లు ఉండేది. పెద్ద ఆఫీసరు బంగళా. వారం వారం పోయేదాన్ని. మేం పోయేది వెనక వైపుకే. వంటగది తలుపు, దాని ముందు సిమెంటు మెట్టు. వంటాయన నడివయసు మనిషి. చేప చెవులు, అదే మొప్పలు, ఎత్తి చూడనిదే కొనడు గానీ నోరు మంచిది. ఆ ఇంట్లో నా కూతురి ఈడు పాప ఒకతి ఉండేది.

ఒక ఎండాకాలం ఆ పాప మెట్టు మీద కూర్చుని నల్లటిదేదో పుల్లకు గుచ్చినది తింటోంది. కొరికితే పటుక్కుమంది. లోపల తెల్లగా ఉంది, దాని మీద పొగలాగా లేస్తోంది. నా కూతురు కొయ్యలా నిలబడిపోయింది. అదేమిటని నేనే వంటాయనను అడిగాను.

"అరటిపండేలే అక్కా. చాక్లెట్టు పూసి ఐసు బీరువాలో పెడతాం. మా పాపకు రోజూ ఉండాల్సిందే."

పాప చివర మిగిలిన ముక్కను నా కూతురి ముందు పెట్టింది. అప్పటికే నా కూతురి మొహం మారిపోయి ఉంది. తల వాలింది, పెదవి ముందుకొచ్చింది. ముక్క అందుకుని, తిని, పుల్లను కూడా చీకి, ఇంటికి వచ్చేదాకా ఆ పుల్లను నోట్లోనే పెట్టుకుంది.

ఆ తర్వాత బంగళా కనబడితే చాలు, నన్ను వదిలేసి పరుగెత్తేది. నేను పోయి గంప దించేసరికి మెట్టు పక్కన నిలబడి ఉండేది. ఒకరోజు వంటాయన నవ్వుతూ, "అదిగో, వచ్చేసింది మా పిల్లి" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ రోజు చందువ చేపలు సరిగా తూచానో లేదో కూడా తెలియదు.

దారిలో పిల్లను ఆపాను. కొట్టలేదు. కూర్చోబెట్టి చెప్పాను.

"ఇంక నువ్వు ఆ మెట్టు కాడ నిలబడబాక."

"నిలబడితే ఏందంట? ఇస్తారు గదా."

"ఇస్తారనే నిలబడబాక అంటాండా. నీకు అదే కావాలంటే ఇంట్లో నేను చేసి పెడతా."

అది నన్ను కిందికీ పైకీ చూసింది. "నీకు రాదుమా. దానికి ఐసు బీరువా ఉండాల."

"చేస్తా అన్నాను గదా! చేస్తే నిలబడకుండా ఉంటావా?"

"ఉంటా. నువ్వు చేసిందాకా మాత్రం నిలబడతా."

చూడండి, ఎంత గట్టి పిల్లో. దాని నాయన కూడా అంతే, బేరం మొదలుపెడితే ఎదుటివాడు లేచి పోవాల్సిందే. సరే అన్నాను. మాట ఇచ్చాను. ఎలా చెయ్యాలో మాత్రం నాకు ఒక్క ముక్క తెలియదు.

తెలిసింది ఒక్కటే, ఐసు ఎక్కడ దొరుకుతుందో. మా పాళెంలో రొయ్యల సేటు కొట్టం ఉండేది. కావలి నుంచి బండిలో ఐసు దిమ్మలు వచ్చేవి, గోనెసంచుల్లో, వరి ఊకలో పూడ్చి. రొయ్యలు పెట్టెల్లో ఐసు వేసి రైలుకు పంపేవారు. మేం ఆడవాళ్ళం అక్కడ తలలు తుంచి రొయ్యలు ఏరేవాళ్ళం. ఒకరోజు కూలికి బదులు ఐసు ఇమ్మన్నాను. సేటు ఆశ్చర్యపోయాడు. "ఇంటికి పోయేలోగా నీళ్ళయిపోతాదే, ఏం చేసుకుంటావమ్మే?" అన్నాడు. తాగుతాలే అన్నాను. కొట్టంలో అందరూ నవ్వారు. నేనూ నవ్వి, గోనె చుట్టుకుని ఇంటికి పరుగెత్తాను.

ఆ కొట్టంలో ఒక కట్టుబాటు ఉండేది. ఉప్పు ముట్టిన చేత్తో ఐసును ముట్టకూడదు. ఉప్పు తగిలితే ఐసు చచ్చిపోతుంది అనేవారు. నిజమే, ఉప్పు పడ్డచోట గడ్డ గబగబా కరిగి గుంట పడుతుంది. ఎండుచేపలకు ఉప్పు పట్టించి వచ్చిన ఆడవాళ్ళను ఐసు దరిదాపులకు రానిచ్చేవారు కాదు. మాకు చిన్నప్పటి నుంచి వంటబట్టిన సంగతి అది. అందుకని నేను పాత చెక్కపెట్టెను ముందు రోజే మంచినీళ్ళతో కడిగాను. మా ఇంట్లో ఉప్పు తగలని వస్తువు ఏముంటుంది? గాలిలోనే ఉప్పు. అయినా పీచు పెట్టి రుద్ది, ఎండబెట్టి, మళ్ళీ కడిగాను. చేతులు కూడా బూడిదతో తోముకున్నాను.

పెట్టెలో అడుగున ఊక, పైన గోనె, దాని మీద ఐసు. మధ్యలో మూత ఉన్న పాలపొడి డబ్బా. డబ్బాలో ఒలిచి సగానికి కోసిన అరటిపళ్ళు, సరుగుడు పుల్లలకు గుచ్చి. పుల్లల బెరడు గీకి ఉడకబెట్టాను, జిగురు వాసన పోవాలని. మూత పెట్టి, పైన ఇంకా ఐసు, ఇంకా ఊక.

సాయంత్రం మూత తీస్తే పళ్ళు చల్లగా ఉన్నాయి, అంతే. గడ్డకట్టలేదు. పైగా నల్లబడి, వేలు పెడితే దిగబడిపోతున్నాయి. మా అత్త చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"చచ్చిన జెల్ల చేపల మాదిరి ఉండాయి గదే. దీనికా కూలి వదులుకున్నావు?"

ఆ వారం బంగళాకు పోయినప్పుడు కూతురు నాకంటే ముందు పరుగెత్తి మెట్టు పక్కన నిలబడింది. ఒప్పందం ప్రకారమే నిలబడింది, ఏమనగలను?

ఆ రోజే వంటాయనను చాక్లెట్టు దేనితో చేస్తావని అడిగాను. దొరల చాక్లెట్టు బిళ్ళలు కరిగిస్తారట. అవి మనకెక్కడివి? కోకో పొడి అనేది ఒకటుంటుంది, చక్కెర కలిపితే అదే రుచి అన్నాడు. డబ్బా అడుగున మిగిలినది ఇస్తాను పట్టుకుపో అన్నాడు. ఊరికే వద్దన్నాను. గంపలో ఉన్న మంచి చందువ తీసి ముందు పెట్టాను.

"ఇంత పెద్ద చందువా! పొడి అంత చెయ్యదక్కా."

"చేస్తాదో లేదో నాకు తెలుసన్నా. నువ్వు తీసుకో. నా కూతురు చూస్తా ఉండాది."

అతను పిల్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. చేప అందుకుని పొడి డబ్బా నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఎప్పుడూ పిల్లి అనలేదు.

రెండోసారి ఐసు తెచ్చి మళ్ళీ అన్నీ అమర్చాను. ఈసారి ఊక ఎక్కువ వేశాను, పెట్టెను నీడకు జరిపాను. నేను అటు నీళ్ళకు పోయి వచ్చేసరికి మా అత్త పెట్టె చుట్టూ పిడికిలి తిప్పుతోంది. ఊళ్ళో అందరూ నా ఐసు గురించే చెప్పుకుంటున్నారట, ఆ దిష్టికే పళ్ళు నల్లబడ్డాయట. కల్లుప్పుతో దిష్టి తీస్తోంది. తీసిన ఉప్పును నీళ్ళల్లో వెయ్యాలి గదా, అది కరిగితే దిష్టి కరిగినట్టు. ఎదురుగా పెట్టెలో కరిగిన ఐసు నీళ్ళు కనబడ్డాయి. పిడికెడు ఉప్పూ అందులోనే వేసేసింది.

నేను బిందె కింద పడేసి అరిచాను. "అత్తా! ఐసును చంపేస్తివి గదత్తా!"

"దిష్టి తీస్తే చంపేదేందే? నీ నోరు పడ. మొగుడు పోయినా గొంతు మాత్రం తగ్గలేదు నీకు."

ఉన్న కోపంలో పెట్టె పక్కన కూలబడ్డాను. పళ్ళనైనా బయటికి తీద్దామని డబ్బా పట్టుకున్నాను. వేళ్ళు అతుక్కుపోయాయి. లాగితే చర్మం ఊడివచ్చేట్టుంది. ఉప్పు పడిన వైపు డబ్బాకు తెల్లగా, సన్నగా నూగు పట్టి ఉంది. వేలితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు కాదు. మంచు.

అప్పుడు నాకు అర్థమయింది. ఉప్పు ఐసును చంపుతుంది, నిజమే. కానీ చచ్చేటప్పుడు అది పక్కనున్నదాని వేడినంతా లాక్కునిపోతుంది. మేం అందరం ఐసును కాపాడుకోవడమే చూశాం గానీ చావనిచ్చి చూడలేదు. నాకు కావలసింది ఐసు కాదుగా, అరటిపండు గదా!

లేచి ఎండుచేపల ఉప్పు బాన దగ్గరికి పోయాను. మాకు ఉప్పుకు కరువేముంది, ఉప్పు పండించే కొఠార్లు పక్కనే. చేటతో తెచ్చి పెట్టె అంతా పోశాను. గడ్డలు పగలగొట్టి, ఒక వరస ఐసు, ఒక వరస ఉప్పు. మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "దిష్టికి పిడికెడు చాలే! బానెడు పోస్తే ఊరి దిష్టంతా మనకే తగులుకుంటాది."

కాసేపయ్యాక మూత తీశాను. పండును డబ్బా అంచుకు కొడితే టక్కుమంది. రాయి. నిజంగా రాయి. నా కూతురిని పిలిచి దాని చేతిలో పెట్టాను. అది కూడా గోడకు కొట్టి చూసింది, టక్కుమంది. మొహం వెలిగింది. నేను సంతోషపడిపోయాను. తొందరపడ్డాను.

ఇంక నల్ల పూత. కోకో పొడి, నూరిన చక్కెర, దేనితో కలపాలి? నూనెతో అనుకున్నాను. వంటకు నూనె అంటే మాకు నువ్వుల నూనే. కాచి, పొడి కలిపి, పండును ముంచి ఎత్తాను. పూత కాసేపు నిలిచినట్టే నిలిచి, కిందికి జారి, మొత్తం గిన్నెలో పడింది. మళ్ళీ ముంచాను, మళ్ళీ జారింది. గట్టిపడదు. ఎంతసేపు పట్టుకున్నా జిడ్డు జిడ్డుగా కారుతుంది. మా అత్త గిన్నె లాక్కుని వేలితో నాకింది.

"ఇది మాత్రం బాగుండాది. పండు ఎందుకే, ఇట్టానే పెట్టు."

కూతురు తెల్లపండే తిన్నది. తిని పుల్ల నా చేతిలో పెట్టింది. "బాగుండాదిమా. కానీ అది నల్లగా ఉంటాది. కొరికితే పటుక్కుమంటాది. ఇది అది కాదు."

"చల్లగా ఉండాది గదే, సరిపోదా?"

"నువ్వు అదే చేస్తా అన్నావు."

అన్నాను. అన్నమాట నిజమే. పక్కింటి ఆవిడ గోడ మీది నుంచి, "ఊరుకోమే, చిన్నపిల్ల మాటకు ఐసు మొయ్యడమేంది, నాలుగు తగిలిస్తే అదే మానుకుంటాది" అంది. నాలుగు తగిలిస్తే నేను చూసేటప్పుడు మానుకుంటుంది. నేను చూడనప్పుడో? ఈ పిల్ల తనంతట తాను ఆ మెట్టును వదలాలి. కోరిక తీరకుండా వదలదు. నాకు ఆ సంగతి తెలుసు, అందుకే పట్టు వదల్లేదు.

మరునాడు పొద్దున పిల్లకు తల దువ్వుతున్నాను. అరచేతిలో టెంకాయ నూనె వేసుకుని రుద్దుతుంటే గుర్తొచ్చింది. చలికాలంలో ఈ నూనె సీసాలో పేరుకుపోతుంది. పొద్దున్నే ఎండలో పెడితే గానీ బయటికి రాదు. ఆ కాస్త చలికే గడ్డకట్టే నూనె, రాయిలాంటి పండు తగిలితే ఊరుకుంటుందా? జడ సగంలో వదిలేసి లేచాను. పిల్ల ఒక పక్క జుట్టు విరబోసుకునే నా వెంట తిరిగింది.

అంగట్లో కొత్త సీసా కొన్నాను. మా అత్తకు తెలియకుండా చెయ్యాలనుకున్నాను, కుదరలేదు. కాగిన వాసనకే లేచి వచ్చింది.

"ఇది తల నూనె గదే!"

"టెంకాయ తినడంలా? టెంకాయలో నుంచి వచ్చిందే గదా."

"తలకు పూసేదాన్ని నోట్లో పెడతావా? కడుపులో వెంట్రుకలు మొలుస్తాయి!"

"మొలిస్తే దువ్వుతాలే అత్తా, నువ్వు పక్కకు జరుగు."

కొట్టంలో మళ్ళీ రొయ్యలు ఏరాను, మళ్ళీ ఐసు తెచ్చాను, మళ్ళీ ఉప్పు పోశాను. ఆ రోజు కోకో పొడి డబ్బా అడుగంటింది. ఇంకోసారి చెడిపోతే ఇంక లేదు. నూనె గోరువెచ్చన చేసి పొడీ చక్కెరా కలిపి, పండును ముంచి ఎత్తాను. చినుకులు కారాయి. రెండు చినుకులు పడ్డాయో లేదో ఆగిపోయాయి. మెరుస్తున్న పూత నా కళ్ళ ముందే మసకబారి బిగుసుకుపోయింది. గోరుతో తడితే చిప్ప మాదిరి మోగింది. పిల్లకు ఇచ్చాను.

కొరికింది. పటుక్కుమంది.

నమిలింది. కళ్ళు మూసుకుని నమిలింది. నేను, మా అత్త, గోడ మీద పక్కింటి ఆవిడ, అందరం దాని నోటి వైపే చూస్తున్నాం.

"వాళ్ళదే ఇంకా తీపి" అంది.

మా అత్త నెత్తి కొట్టుకుంది. నాకు మాత్రం కోపం రాలేదు. తీపి తక్కువైతే చక్కెర వేస్తాం, అదేం పెద్ద పని? అది అదేనని ఒప్పుకుంది, నాకు అది చాలు. మా అత్తకు కూడా ఒకటి ఇచ్చాను. వెంట్రుకలు మొలుస్తాయని తిట్టుకుంటూనే పుల్ల వరకూ తిని, "పళ్ళు జివ్వుమంటాండాయి, ఇంకోటి తే" అంది.

తర్వాతి వారం బిట్రగుంటకు పోతున్నాం. దారి పొడుగునా నేను పిల్లతో ఆ సంగతి ఎత్తలేదు. బంగళా కనబడింది. పిల్ల ఎప్పటిలాగే నన్ను వదిలి పరుగెత్తింది. ఇంత చేసీ ఏం లాభం అనుకున్నాను. అలవాటు అలవాటే, కోరిక తీరినా కాళ్ళు అటే పోతాయి.

నేను పోయేసరికి మెట్టు మీద పాప కూర్చుని ఉంది, చేతిలో నల్లటి పండు. నా కూతురు దాని పక్కనే కూర్చుంది. నిలబడలేదు, కూర్చుంది. తల నిటారుగా ఉంది. పాప చివరి ముక్కను ఎప్పటిలాగే ముందుకు చాచింది.

"నాకొద్దు. మా ఇంట్లో చేసుకుంటాం" అంది నా కూతురు.

"అబద్ధం! మీకు ఫ్రిజ్ లేదుగా."

"ఉప్పు ఉండాది."

"ఉప్పుతో ఎవరైనా పండు చేస్తారా? ఛీ, ఉప్పగా ఉంటుంది."

"ఉండదు. పండు డబ్బాలో ఉంటాది, ఉప్పు బయటుంటాది. నీకు తెలీదు. మా ఇంటికి రా, చూపిస్తా. మా అమ్మ చేస్తాది."

వంటాయన తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. "ఏమక్కా, మా పాపను మీ ఇంటికి పిలుస్తా ఉండాదే నీ కూతురు" అని నవ్వాడు.

ఆ రోజు మా ఇంట్లో ఐసు లేదు, కోకో పొడి లేదు, అరటిపండు కూడా లేదు. ఆఫీసరు కూతురు మా పాకకు వస్తుందో రాదో కూడా తెలియదు. అయినా నా నోటికి వేరే మాట రాలేదు.

"పిలిచింది గదన్నా. అమ్మగారిని అడిగి పంపించండి" అన్నాను. గంపలో మిగిలిన చందువను పక్కకు తీసి, ఇంకొంచెం కోకో పొడి కావాలని చెప్పాను.

తిరుగుదారిలో ఇంటికి పోలేదు. నేరుగా రొయ్యల కొట్టానికి పోయాను. నేను గంప బోర్లించి రొయ్యల కుప్ప ముందు కూర్చుంటే, నా కూతురు కూడా పక్కన కూర్చుని ఏరడానికి చెయ్యి పెట్టింది. ఉప్పు ముట్టావా అని అడిగితే లేదంది.

"ఆ పాప నిజంగా వస్తే ముందు ఎవరికి పెట్టమంటావు, నీకా, ఆ పాపకా?" అన్నాను, దాన్ని ఉడికిద్దామని.

అది తలెత్తకుండా రొయ్య తల తుంచుతూ, "ఇంటికి వచ్చినోళ్ళకి గదమా ముందు పెట్టేది" అంది.